తోటికోడలి మాత్ర

ఒక ఆదివారం ప్రార్థనకు బయలుదేరుతుంటే నా చెప్పులు నాకే పట్టలేదు. పాదాలు వాచాయి. అప్పటికి ఎనిమిదేళ్లుగా షుగరుకు మాత్రలు మింగుతున్నాను. తెనాలిలో డాక్టరుగారు పరీక్షలు రాశారు. క్రియాటినిన్ రెండు దాటిందట.

"కిడ్నీ పని తగ్గిందమ్మా. ఇక ఈ టాబ్లెట్లు ఆపేయండి. ఇన్సులిన్‌కి మారదాం," అన్నారు.

బాపట్లలో ఉండే మా తోటికోడలు సుగుణక్కదీ షుగరే, అదే మాత్ర. వరసకూ తోడే, రోగానికీ తోడే. ఇకనుంచి ఆమెకు మాత్ర, నాకు మాత్రం సూది. ఆమె మందు చేతిసంచిలో ఇమిడిపోతుంది. నా సీసా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో. రెండు పూటలా వాళ్ల తలుపు తట్టాలి. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. రంగులో, పాటలో ఎలాగూ నాకంటే ముందే. కిడ్నీల్లో కూడానా అన్నదే నా ఏడుపు.

తొంభైల మొదట్లో అక్క కూతురి పెళ్లి. సూది సంగతి అక్కకూ అత్తగారికీ చెప్పనేలేదు. చుట్టాల ముందు పొడుచుకోలేక సీసా తెనాలిలోనే వదిలేసి వెళ్లాను.

"అక్కా, మాత్రలు మర్చిపోయొచ్చా. రెండివ్వవా?"

"రెండెందుకే? నేను వేసుకునేది ఒకటేగా."

"అందుకే నాకు రెండు."

"ఇందులోనూ పోటీయేనా! ఇంద," అని నవ్వుతూ ఇచ్చింది.

రెండూ మింగాను. పెళ్లి హడావిడిలో అన్నం సరిగా తినలేదు. సాయంత్రానికి చెమటలు, వణుకు. మాట ముద్దగా వచ్చింది. కళ్లు తెరిస్తే ఆసుపత్రి. గ్లూకోజు ఎక్కాక లేచి కూర్చుని, ఇంటికి పోతానన్నాను. రెండు గంటల్లో మళ్లీ పడిపోయాను.

"ఈ మందు ఒంట్లోంచి పోవాలంటే కిడ్నీ పని చేయాలండి. మందు పూర్తిగా పోయేదాకా షుగరు పడిపోతూనే ఉంటుంది. కాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు," అని అక్కడి డాక్టరు మా ఆయనతో చెప్పారు. రెండు రోజులు ఉంచారు.

వరండాలో మా అత్తగారు అక్కను దులిపేస్తున్నారు. "నువ్వేమన్నా డాక్టరువా, మాత్రలు పంచడానికి? చిన్నదాన్ని చంపేసేదానివే!"

అక్క ముక్కు చీదడం వినపడింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎక్కే గ్లూకోజు కంటే ఆ తిట్లే నాకు తియ్యగా ఉన్నాయి. ఆ రోజంతా నిజం దాచాను.

మర్నాడు అక్క నా కాళ్లు ఒత్తుతోంది.

"అమ్మాయిని రేపల్లె, అత్తారింటికి పంపించారా?"

"పొద్దున్నే."

"నువ్వు సాగనంపలేదా?"

"నిన్నొదిలేసా?"

ఇక తట్టుకోలేక అత్తగారిని పిలిచాను. "అత్తయ్యా, ఆ మాత్ర డాక్టరుగారు నాకు ఎప్పుడో ఆపేశారు. అక్కకు దాచి అడిగాను. తప్పు నాది."

అక్క చేతులు ఆగిపోయాయి. మళ్లీ ఒత్తడం మొదలుపెట్టి, "చెప్తే ఆ సూదేదో నేనే పొడిచేదాన్ని కదే," అంది.

ఇప్పుడు రెండు పూటలా ఇన్సులిన్ మానను, ఎవరింటికెళ్లినా. క్రియాటినిన్ మరీ పెరగలేదు. అక్క కూడా ఆర్నెల్లకోసారి కిడ్నీ పరీక్ష చేయించుకుంటుంది, ఆమెది నార్మలే. ఆ కాగితం చూసి దేవునికి స్తోత్రం చెబుతాను, కాసేపు కుళ్లుకుంటాను కూడా.

షుగరు మాత్రలు వాడేవాళ్లు కిడ్నీ పరీక్ష ఎప్పటికప్పుడు చేయించి, ఆ కాగితం డాక్టరుకు చూపించాకే మందు రాయించుకోండి. పక్కవాళ్లను చూసి ఏడవాలనిపిస్తే ఏడవండి. వాళ్ల మాత్ర మాత్రం అడగకండి.