ఖాళీగా రాని డబ్బా

ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులోనూ నేను కుదురుగా కూర్చోలేను. వారం ఏదైనా శనివారమే అనిపించి, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ, గట్టు మీది స్టీలు డబ్బా మూత తీసి మళ్లీ పెడుతుంటాను.

నా ఎనిమిదో ఏట అమ్మా బాపూ విడాకులు తీసుకున్నారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వరంగల్‌లో మేనమామ కిరాణా దుకాణం వెనక గదికి వచ్చేసింది, బాపు నెక్కొండ దగ్గర మిరప చేనుతో ఉండిపోయాడు. "నాకు మొగడు కాకపోతేమాయె, నీకు బాపు గాదా" అంటూ అమ్మ ప్రతి శనివారం నాకు రెండు జడలు బిగించి స్టేషనుకు తీసుకెళ్లేది. ఆమె గేటు దగ్గరే ఆగిపోయేది, నన్ను రైల్లో ఊరికి తీసుకెళ్లి ఆదివారం మళ్లీ దింపే బాపు గడియారం కింద నిలబడేవాడు, మధ్యలోని ఇరవై అడుగులూ డబ్బా పట్టుకుని నేనొక్కదాన్నే నడవాలి. ఎటు చూస్తే ఎవరికి కోపమొస్తుందోనని నేల చూస్తూ నడిచేదాన్ని.

ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మా వైపు పట్టింపు. మాటలు మానేసిన ఆ ఇద్దరూ దాన్ని మాత్రం మానలేదు. అమ్మ చలికాలంలో నువ్వుల సకినాలు, వానల్లో పల్లీలు తేలిన సర్వపిండి, బతుకమ్మ పండుగకు మలీద ముద్దలు పెట్టి పంపితే, ఆదివారం సాయంత్రం అదే డబ్బాలో బాపు ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలో, గట్ల మీద ఏరిన రేగుపళ్లో, కాల్చి వలిచిన మక్కగింజలో కుక్కి పంపేవాడు. ఆ బరువు ఒళ్లో ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

"గాయనకు పిల్ల మీద యావ లేదు, ఇగ పంపుడు బంజెయ్" అని మామ అమ్మను పోరుతూనే ఉండేవాడు. ఒక ఏడు మిరప కోతల్లో, కూలీలు దొరకక సతమతమవుతున్న బాపు, డబ్బా నింపడం మరచిపోయి ఖాళీదే నా చేతికిచ్చాడు. రైలెక్కగానే అలసిపోయి నిద్రపోయాడు. డబ్బా తేలిగ్గా తగిలి మూత తీసి చూశాను. మామ చూశాడంటే ఇక శనివారాలు ఉండవు. సీటు కింద ఎవరిదో చిరిగిన బస్తాలోంచి ఎండుమిరపకాయలు రాలుతుంటే, దూరి డబ్బా నిండా ఏరుకున్నాను. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుని వరంగల్ దాకా ఏడ్చాను.

ఇంటికి రాగానే "బాపు పంపిండు" అన్నాను. అమ్మ మూత తీసింది. మా చేనులో పండేవి టమాటాల్లా గుండ్రటి చపాటా కాయలు, డబ్బాలోవేమో సన్నగా పొడుగ్గా ఉన్నాయి. ఆ చేనులో తొమ్మిదేళ్లు కాయ తెంపిన మనిషి దగ్గర నా ఆటలు సాగుతాయా! అమ్మ నా ఎర్రటి కళ్లు చూసి, మామ వైపు తిరిగింది.

"ఈయేడు కాయ మంచిగొచ్చింది" అని మూత పెట్టేసింది.

మరుసటి శనివారం అమ్మ గేటు దగ్గర ఆగలేదు. ఇరవై అడుగులూ నా వెంటే నడిచి వచ్చి, రెండేళ్లలో మొదటిసారి బాపుతో మాట్లాడింది.

"డబ్బా ఉత్తగ పంపకు. పోరి దొంగతనం నేర్సుకుంటాంది."

బాపు నా తల నిమిరాడు. ఆ తర్వాత డబ్బా ఎన్నడూ ఖాళీగా రాలేదు.

బాపు పోయి ఏడాదైంది. ఆ చేనులో ఇప్పుడెవరో పత్తి వేశారు, స్టేషనులో ఆ గడియారమూ లేదు. పోయిన వారం అమ్మ సకినాలు పెట్టి పంపిన డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. "డబ్బా ఎప్పుడు తెస్తవ్ బిడ్డా?" అని రోజూ ఫోను. పొద్దున బజారుకు పోయి చపాటా కాయలు కొనుక్కొచ్చాను. గుండ్రటివే, ఎర్రటివే. డబ్బా నింపాను, మళ్లీ ఒంపేశాను. అవి మా చేనువి కావని అమ్మ ఇట్టే పట్టేస్తుంది.