పొడుగంటే

పొడుగమ్మాయి పొడుగు కాదు. నాట్యబృందంలో అందరికంటే పొట్టిది ఆమే. అద్దాల గదిలో మేకుకి తగిలించిన తువ్వాలు అందుకోవాలంటే స్టూలెక్కాలి. అయినా చిన్నప్పటినుంచీ అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మేనత్త. బృందాన్ని నడిపేదీ ఆవిడే, తల్లీతండ్రీ లేని మేనకోడల్ని పెంచిందీ ఆవిడే.

ఏ పనివాళ్ళ మధ్య నాలుగు రోజులు కూర్చున్నా, వాళ్ళకో చాటుభాష ఉందని తెలిసిపోతుంది. బట్టలు కుట్టేవాడు లావుపాటి మనిషిని లావు అనడు, "కాస్త ఒదులు పెడతా లెండి" అంటాడు. డాక్టరు "చూద్దాం" అన్నాడంటే చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదని ఇంటివాళ్ళకి అర్థమైపోతుంది. ఈ బృందంలో నల్లపిల్లని నల్లపిల్ల అనరు, పొడుగు అంటారు. పొడుగైనవాళ్ళు వెనక వరుసలో నిలబడాలి కదా, అందుకని. చూడవచ్చినవాళ్ళకి ఇందులో తప్పేమీ కనపడదు. ఆడేవాళ్ళకీ కొన్నాళ్ళకి కనపడ్డం మానేస్తుంది.

ఆ సంగతే ఆమె రాసేసింది. పత్రికవాళ్ళు బృందం గురించి ఒక పేజీ రాసిమ్మంటే, అత్త ఆ పని మేనకోడలికి అప్పజెప్పింది. "మనలో పుస్తకం పట్టుకుంటే నిద్రపోనిది ఇదొక్కతే" అని నవ్వింది కూడా. పేజీ నిండా పొగడ్తే. అత్త ఓపిక, అత్త కోపం, చెమటకి జారే నేల, పడినా నవ్వుతూ లేచే పిల్లలు. చివరికొచ్చేసరికి చెయ్యి దాని ఇష్టానికది ఒక వాక్యం రాసింది: "మా బృందంలో పొడుగంటే నలుపు." కొట్టేద్దామని కలం ఎత్తింది. ఎత్తిన కలం దించలేకపోయింది. అలాగే పంపేసింది.

మర్నాటి నుంచీ భయం మొదలైంది. అత్త వంటింట్లోంచి "ఏమే!" అని కేకేస్తే చాలు, సంగతి తెలిసిపోయిందనుకునేది. తీరా వెళితే ఆవిడ డబ్బా మూత రావడం లేదనేది. ఒకసారి పత్రికాఫీసు దాకా వెళ్ళి గుమ్మంలోంచే వెనక్కొచ్చేసింది. లోపలికెళ్ళి ఏమనడగాలి? నిజం రాశాను, తిరిగిచ్చెయ్యండి అనా?

ఇవాళ పత్రిక వచ్చింది. తెచ్చింది డ్రమ్ము వాయించే బాబాయి. అందరూ బాబాయి అనడమే గానీ ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు.

"మన పేజీ పడిందమ్మాయ్," అని ఆమె చేతిలో పెట్టాడు. ఆయన మొహంలో ఏమీ తెలియలేదు.

అత్త సంబరం చూడాలి. "అందరూ కూర్చోండి! ఇన్నాళ్ళూ మన గురించి ఎవరెవరో రాశారు, ఇవాళ మన పిల్లే రాసింది. కళ్ళజోడు ఇంట్లో వదిలేసొచ్చాను, నువ్వే చదవవే. గొంతెత్తి చదువు, గొణక్కు!"

చదవడం మొదలుపెట్టింది. కాగితం గలగల్లాడుతోంది. ముందు వరుస పిల్ల ఒకతె "అక్క సంబరం చూడండే, వణికిపోతోంది!" అంది. అందరూ నవ్వారు. ఆ వాక్యం పేజీ అడుగున దూరంనుంచే కనిపిస్తోంది. దగ్గరికొచ్చింది. ఆమె నాలుక దాన్ని తప్పించుకుని, కింద ఉన్న ధన్యవాదాల మీదికి దూకేసింది.

చప్పట్లు మోగాయి. అత్త కళ్ళు తుడుచుకుని "నా తల్లే!" అంది. పొడుగమ్మాయి అప్పుడు ఊపిరి తీసుకుంది.

"ఒక వాక్యం మింగేశావు," అన్నాడు బాబాయి.

"చిన్నదే బాబాయ్."

"చిన్నదే. గొంతుకి అడ్డం పడేంత చిన్నది. బస్సులో చదువుకుంటూనే వచ్చాను. నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా?"

"ఏమిట్రా అది?" అంది అత్త.

వెళ్ళిపొమ్మంటే ఎక్కడికి వెళ్ళాలి? ఆమెకి ఆడటం తప్ప ఇంకో పని రాదు. బట్టలు అత్త బీరువాలో ఉన్నాయి. సర్దుకోడానికి సంచి కూడా అత్తదే. ఆ సంచి కళ్ళముందు కదులుతుండగా, ఎవరిదో గొంతులా వినిపించే గొంతుతో ఆ వాక్యం చదివేసింది.

వెనక వరుస పిల్లలు తలలెత్తలేదు. ముందు వరుసవాళ్ళు అద్దంలోకి చూశారు.

"అచ్చులో వేశారా?" అత్త గొంతు సన్నబడిపోయింది. "ఊళ్ళో అందరూ చదువుతారా?"

"చదువుతారత్తా."

"ఆ మాట ఎందుకన్నానో తెలుసుటే నీకు? నువ్వింత పిల్లవి. హాలు యజమాని వచ్చి, ఆ నల్లపిల్లని తీసేస్తేనే హాలిస్తానన్నాడు. అది పొడుగండీ, వెనక నిలబడుతుంది, కనపడదు అన్నాను. ఆయన నువ్వు పొడుగో పొట్టో చూడనైనా చూడలేదు, సరేనన్నాడు. నిన్ను దాచుకోడానికి అన్నానే ఆ మాట!"

ఇంతకాలమూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమెకి ఏడుపొచ్చింది, కాళ్ళమీద పడిపోదామనిపించింది. కానీ వెనక కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉన్నారు.

"మరి వీళ్ళని?" అంది, వెనక వరుస పిల్లల్ని చూపించి. "వీళ్ళని ఎవరు తీసెయ్యమన్నారత్తా?"

అత్త వాళ్ళకేసి చూడబోయి చూపు దించేసుకుంది. ఆవిడ గడ్డం అదురుతోంది. అత్తకి కోపం రావడం ఆమె ఎన్నోసార్లు చూసింది, భయపడ్డం ఎప్పుడూ చూడలేదు. అది చూశాక తన భయం రెట్టింపైంది.

"లేవండి లేవండి, పొద్దుపోతోంది," అని అత్త చప్పట్లు కొట్టింది. "వరుసల్లో నిలబడండి. పొడుగు..." అని ఆగిపోయింది. పిల్లలందరూ లేచారు గానీ ఎటు వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు.

"ఎక్కడ నిలబడమంటావత్తా?"

"నన్నడుగుతావేం? రాసింది నువ్వేగా, నువ్వే చెప్పు," అంది అత్త. అది కోపమో, ఒప్పుకోవడమో ఆ గొంతుని బట్టి పోల్చుకోవడం ఎవరి తరమూ కాలేదు.

పొడుగమ్మాయి వెనక వరుస పిల్లల్లో ఒకదాని చెయ్యి పట్టుకుంది. పట్టుకుందే గానీ, అది ఆ పిల్లకి ధైర్యం చెప్పడానికో, తను పడిపోకుండా ఉండటానికో ఆమెకే తెలియలేదు. ఇద్దరూ అద్దం ముందుకొచ్చి నిలబడ్డారు. ఇక్కడ దాక్కోడానికి ఎవరి భుజమూ లేదు. వీపు మీద ముందు వరుసవాళ్ళ చూపులు సూదుల్లా దిగుతున్నాయి. అత్త మొహం ఎలా ఉందో చూడ్డానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

బాబాయి డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. చిన్నప్పటినుంచీ ఆడుతున్న ఆటే. మొదటి అడుగు ఏ కాలితో వెయ్యాలో ఎంతకీ గుర్తురాలేదు.