దశాంశ బిందువు

క్లుజ్ నగరంలో, రోగులకు మందు ఎక్కించే పంపులకు ప్రోగ్రాములు రాసే స్మరాండ పూర్ణసంఖ్యల్ని నమ్ముతుంది. దశాంశ బిందువు కనబడితే మాత్రం కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనేలా వంగి చూస్తుంది. ఆ రోజు, ఆమె దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు హోరియా రాసిన ప్రోగ్రాము ఆస్పత్రికి వెళ్లాలి. మిల్లీలీటరులో పదోవంతు చొప్పున మందు ఎక్కిస్తూ, మొత్తం సరిగ్గా ఒక మిల్లీలీటరు కాగానే పంపు ఆగాలి. “పది పదోవంతులు ఒకటి కాక ఇంకేమవుతాయక్కా? మీ ఆయన్ని కూడా ఇలాగే అనుమానిస్తావా?” అని నవ్వాడతను. “ఆయన సంగతి ఇంట్లో చూసుకుంటాలే. ముందు దీన్ని నీళ్లతో నడుపు,” అందామె.

పదోసారికి తెరమీద 0.9999999999999999 అని పడింది. ఒకటి కాలేదు గనుక పంపు ఆగలేదు. గ్లాసులోకి నీళ్లు కారుతూనే ఉన్నాయి. “అన్నీ సున్నాలూ ఒకట్లలోనే రాసుకునే మిషనుకు పదోవంతును అచ్చంగా దాచుకోవడం చేతకాదు. దశాంశాలు తీసేసి, ఎన్నిసార్లు ఎక్కించిందో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టించు,” అందామె. హోరియా పంపు తీగ పీకేసి, కుర్చీ ఆమె వైపు జరిపాడు. “ఇంకా ఎక్కడెక్కడ ఇలా రాశానో, మొదటినుంచీ చూడక్కా.”