పది రోజులు నీళ్లు తగలకుండా

విడవలూరు అవతల ఒక తీర గ్రామంలో, సచివాలయం కిటికీ పక్కన రోజారమణి కూర్చుంటుంది. ఆరేళ్లుగా అదే కుర్చీ. అక్కడికి సముద్రం కనబడదు. మధ్యాహ్నం గాలి మళ్లినప్పుడు ఉప్పు వాసనై వచ్చి కాగితాల మీద వాలుతుంది. ఆమె మాట మెత్తన. ఎవరినీ కసురుకోదు. ఆ మెత్తదనంతోనే పేరమ్మను మూడుసార్లు వెనక్కి పంపింది.

పేరమ్మ షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. ఇరవై ఏళ్ల ఐసునీళ్లకు వేళ్ల మీది గీతలన్నీ కరిగిపోయాయి. రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషన్‌కు ఆరోగ్య కార్డు కావాలి, కార్డుకు వేలిముద్ర కావాలి. మిషన్ ఒప్పుకోలేదు. పది రోజులు చేతికి నీళ్లు తగలకుండా, కొబ్బరినూనె రాసుకుని రమ్మని రోజారమణి చెప్పింది. చేతులు తడవకపోతే పేరమ్మకు పని లేదని ఆమెకు తెలుసు. చెప్పేటప్పుడు మాత్రం తోచలేదు. మూడోసారి తరవాత పేరమ్మ రావడం మానేసింది.

వానలు వెనకబట్టాక నెల్లూరులో శిక్షణ పెట్టారు. వచ్చేవాళ్ల కష్టం తెలియాలంటే వాళ్ల వేషం కట్టి చూడాలని, శిక్షణ ఇచ్చే సుప్రియ చీటీలు పంచింది. రోజారమణికి వేలిముద్ర పడని ముసలామె చీటీ వచ్చింది. సుప్రియ ఆమె వేళ్లకు జిగురు పూసి ఆరనిచ్చింది. మసక కాగితం అంటించిన కళ్లజోడు పెట్టింది. ఎదురుగా ఉద్యోగి వేషంలో, ఆమె ఆఫీసులోనే పనిచేసే సుకుమార్.

"పది రోజులు నీళ్లలో చెయ్యి పెట్టబాక అవ్వా. కొబ్బరినూనె రాసుకోని రా," అన్నాడు, అచ్చం ఆమె గొంతుతో.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. మసకలో సుకుమార్ ముఖం మంచులో పడవలా కదిలింది. ఆటలో ఇప్పుడు ఆమె బదులు చెప్పాలి.

"అట్నేలే నాయనా," అంది.

మూడుసార్లూ పేరమ్మ అన్నది అంతే.

ఆట అయ్యాక సుప్రియ ఒక సంగతి చెప్పింది. వేలిముద్ర పడనివాళ్లకు ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలునట. ఆ మాట చెప్పే ఉత్తర్వు కాగితం ఎనిమిది నెలల కిందటే అన్ని ఊళ్లకూ వచ్చింది. రోజారమణి దాన్ని చదవకుండా ఫైల్లో పెట్టింది.

మర్నాడు షెడ్డుకు వెళ్లింది. పేరమ్మ మెడ ఒక పక్కకు వంచి రొయ్యలు ఒలుస్తోంది. కుడికంటి శుక్లం ముదిరి, నరం దెబ్బతిని చూపు పూర్తిగా పోయిందని, ఇక చేసేదేమీ లేదని పోయిన నెల డాక్టరు చెప్పాడట. ఎడమకన్నుకైతే ఇంకా సమయం ఉందట.

"నాదే తప్పు అవ్వా," అంది రోజారమణి.

"నువ్వేం జేస్తావు పాపా. మిషను చెప్పిందే గదా నువ్వు చెప్పినావు."

మిషన్ ముద్ర పడలేదని మాత్రమే చెప్పింది. పొమ్మన్నది తను.

ఫోన్ తీసి పేరమ్మ ముఖానికి ఎదురుగా పట్టుకుంది. కళ్లు ఒకసారి మూసి తెరవమని ఫోన్ అడిగింది.

"రెండూనా పాపా?" అడిగింది పేరమ్మ.

రోజారమణి తలూపింది. తలూపితే ఆమెకు కనబడదని కాసేపటికి గానీ తట్టలేదు.

"రెండూ అవ్వా," అంది.