లింగమూర్తి తువ్వాల కింది పాస్‌వర్డ్

లింగమూర్తి పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరూ గోడ వైపు తిరగాల్సిందే. పెళ్ళికొడుకైనా, పోలీసైనా, చంకలో బిడ్డ ఉన్న తల్లయినా మినహాయింపు లేదు. ఊరికే తిరిగితే చాలదు, ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా నిలబడాలి. అప్పుడాయన భుజం మీది తువ్వాల దులిపి, కీబోర్డు మీద పరిచి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చి, పొదుగుతున్న కోడి కింద గుడ్లు వెతుకుతున్నట్టు జాగ్రత్తగా కదిలించేవాడు. కాసేపటికి "ఆఁ, తిరుగున్రి" అనేవాడు. మేం తిరిగేసరికి సీడీ గిర్రున తిరుగుతూ ఉండేది.

ఇదంతా కరీంనగర్ వైపు నుంచి బతకడానికి వచ్చిన మా తెలుగువాళ్ళుండే బమ్రోలీలో, మా సంఘం గదిలో జరిగేది. సాయంత్రాలు అక్కడ ఆడవాళ్ళకు చదువు చెప్పేదాన్ని. ఎవరో ఆఫీసువాళ్ళు పారేయబోతే తెచ్చుకున్న కంప్యూటర్ ఒకటి ఉండేది. లింగమూర్తి పగలంతా ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానాలో మిషన్లకు డిజైన్లు ఎక్కించే పని చేసి, సాయంత్రం వచ్చి దాని బాగోగులు చూసేవాడు. దొంగ కాపీలంటే ఆయనకు గిట్టదు. అందుకని ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేని లినక్సు అనే సాఫ్ట్‌వేర్ వేశాడు. మా ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఖాతా తెరిచిచ్చాడు. అయితే లినక్సులో అన్నిటికీ పైన యజమాని ఖాతా ఒకటి ఉంటుందనీ, దాని పాస్‌వర్డ్ కొడితే తప్ప సీడీ రాయడం కుదరదనీ, మామూలు ఖాతాలోంచి ఎవరైనా ఆ బటన్ నొక్కితే కంప్యూటర్ బిగుసుకుపోయి అహ్మదాబాద్ నుంచి మనిషిని పిలిపించాల్సి వస్తుందనీ చెప్పాడు. మేం నమ్మాం. అహ్మదాబాద్ మనిషికి ఎవరు ఖర్చు పెట్టుకుంటారు?

ఇక్కడి పెళ్ళిళ్ళ వీడియోలు ఊళ్ళలో చుట్టాలకు పంపాలంటే మా వాళ్ళకు ఇప్పటికీ సీడీలే కావాలి. కాబట్టి గోడ ముందు రద్దీ ఎప్పుడూ ఉండేది. ఆ గోడకు కరీంనగర్ నుంచి తెచ్చిన తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడేది. చీరలకు రాళ్ళంటించే పని చేసే నర్సవ్వ అక్షరాలు నేర్చుకున్నది నా పలక మీద కాదు, ఆ క్యాలెండర్ మీద. మనుమరాలి తొట్టెల ఫంక్షను సీడీ అయ్యేసరికి 'ఏకాదశి' అని కూడబలుక్కుని చదివింది.

"పంతులమ్మా, నీకన్న లింగమూర్తే మంచిగ చెప్తుండు సదువు" అంది నాతో.

నర్సవ్వ పనిచేసే కార్ఖానా మేనేజర్ శ్యాంసుందర్ కూడా మా వాడే. కూతురి నిశ్చితార్థం వీడియో పట్టుకుని వచ్చాడొకసారి. పొద్దుటినుంచి పదిమందిని నిలబెట్టే మనిషి తను నిలబడాల్సి వచ్చేసరికి బిత్తరపోయాడు.

"నన్ను గూడ తిరగమంటున్నవా అన్నా?"

"నువ్వు సూడవని నాకు తెల్సు. గని నీ కండ్లకు తెల్వదు గదా."

శ్యాంసుందర్ తిరిగాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయన ముక్కుకు సున్నం అంటి ఉంది. రాళ్ళంటించే ఆడవాళ్ళు ఆ వారమంతా ఆయన కనిపించినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

లింగమూర్తి భార్య ఊర్మిళ బాధ వేరు. "ఇంటి తాళంచెవి తలుపుకే మర్సిపోతడు. బీరువ బార్ల తెర్సి పెడ్తడు. గీ పాస్‌వర్డ్ మాత్రం నిద్దట్ల గూడ కలవరించడు. నేను చెవొగ్గి పంటున్న, ఏం ఫాయిదా లేదు" అనేది.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. పదిమంది పనిని ఒక్కడి గుప్పిట్లో పెట్టడమంటే నాకు పడదు. సంఘం మీటింగులో ముఖం మీదే అడిగాను.

"లింగమూర్తన్నా, సేఠ్‌ల పెత్తనం వద్దని సంఘం పెట్టుకున్నం. ఇక్కడ నీ పెత్తనమేంటి? అందరికీ హక్కు ఇయ్యి."

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"నా ఇష్టం. నాకు జర గొప్పలు చెప్పుకునుడు అలవాటు" అని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను.

అలా ఉండగా శ్యాంసుందర్ కార్ఖానాలో పని మొదలవగానే తలుపుకు బయట తాళం వేయించడం ప్రారంభించాడు. ఆడవాళ్ళు మధ్యలో ఇళ్ళకు పోతున్నారట, సరుకు బయటికి పోతోందట. లోపల చూస్తే నైలాను చీరలు, గమ్ము డబ్బాలు, వేలాడే కరెంటు తీగలు. ఒక నిప్పురవ్వ పడితే బయటికి దారి లేదు. అక్కడే రాళ్ళంటించే వినోద అనే అమ్మాయి, మా క్లాసులో అందరికన్నా చురుకైనది, ఆ తాళాన్ని కిటికీలోంచి ఫోనుతో వీడియో తీసింది. తీసింది తనని తెలిస్తే ఆ పూటే పని పోతుంది. అందుకని ఫిర్యాదు సంఘం పేరుతో రాశాం. కార్ఖానాలు తనిఖీ చేసే ఆఫీసుకు పట్టుకెళ్తే అక్కడి గుమాస్తా పెన్‌డ్రైవును తేలును చూసినట్టు చూశాడు. అందులో వైరస్సులుంటాయట. "సీడీ లావో" అన్నాడు. సాహెబ్ మర్నాడు పొద్దున బమ్రోలీ వైపే తనిఖీకి వస్తున్నాడు, సాయంత్రంలోగా ఇస్తే చూస్తాడు, లేకపోతే మళ్ళీ ఎప్పుడో.

పరుగెత్తుకుని సంఘం గదికి వచ్చాం. లింగమూర్తి లేడు. కామ్‌రేజ్‌లో చెల్లెలి కొత్తింట్లో పాలు పొంగించడానికి పోయాడు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది.

"మైకు పెట్టుంటరు. ఇంగ ఆ ఫోను ఇనబడదు" అంది నర్సవ్వ.

వినోద కాసేపు కంప్యూటర్ వంక చూసింది. తర్వాత కుర్చీ లాక్కుంది.

"నేను నొక్కుత."

"అహ్మదాబాద్ మనిషొస్తడే" అంది నర్సవ్వ.

"రానీ. తాళమేసిన కార్ఖానల కాలి సచ్చుడుకన్న ఆయనకు చాయ్ పోసుడు నయం."

తన సొంత ఖాతాలోకి పోయి, వీడియో ఎక్కించి, సీడీ రాసే బటన్ మీద వేలు పెట్టింది. నర్సవ్వతో సహా అందరూ అలవాటుకొద్దీ గోడ వైపు తిరిగారు. నేనూ తిరిగానని వేరే చెప్పక్కర్లేదు. వెనక నుంచి గిర్రుమని చప్పుడు. పాస్‌వర్డు లేదు, ఏమీ లేదు. యంత్రం ఒక్క మాట కూడా అడగలేదు. వేడి వేడి సీడీ బయటికొచ్చింది. దాన్ని నేను చున్నీలో చుట్టుకుని ఆటో ఎక్కాను.

మర్నాడు సాహెబ్ నేరుగా ఆ తలుపు దగ్గరికే వచ్చి తాళం తీయించాడు. నోటీసు కూడా ఇచ్చాడు. సాయంత్రం మా క్లాసు జరుగుతుండగా శ్యాంసుందర్ గదిలోకి వచ్చాడు.

"సీడీ ఎవలు చేసిన్రు? బమ్రోలీల సీడీ చేసే డబ్బ గిదొక్కటే అని నాకు ఎర్కే. పేరు చెప్పున్రి. ఆమె ఒక్కతే పోతది. చెప్పకుంటే అందరు పోతరు."

వినోద లేవబోయింది. నర్సవ్వ ఆమె చెయ్యి పట్టుకుని కిందికి గుంజింది. సరిగ్గా అప్పుడే లింగమూర్తి కామ్‌రేజ్ నుంచి మిఠాయి డబ్బాతో దిగాడు. సంగతి వినడానికి ఆయనకు గుమ్మం దాటేంత సేపు పట్టింది.

"నేను చేసిన" అన్నాడు.

"నువ్వా?"

"నేను గాక ఇంకెవలు చేస్తరు? ఈడ నా పాస్‌వర్డ్ లేక సీడీ అయితదా? నీ బిడ్డ నిశ్చితార్థం అప్పుడు నువ్వే సూసినవ్ గదా. సూడలే, గోడకు నిలవడ్డవ్."

శ్యాంసుందర్ చెయ్యి తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. బమ్రోలీలో ఎవరినడిగినా ఇదే సాక్ష్యం చెబుతారు. లింగమూర్తిని పనిలోంచి తీసేద్దామంటే ఆయన శ్యాంసుందర్ కార్ఖానాలో మనిషి కాదు.

"మీ సేఠ్‌కు చెప్త" అన్నాడు చివరికి.

"చెప్పు. మా తలుపుకు తాళం లేదు, ఎప్పుడన్న రా. గీ లడ్డు తిని పో."

శ్యాంసుందర్ లడ్డు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. అడుగులు వినబడకుండా పోయేదాకా ఆగి వినోద అంది.

"కాకా, నిన్న నువ్వు కామ్‌రేజ్‌ల ఉంటివి. సీడీ నేను చేసిన. పాస్‌వర్డ్ అడగనే లేదు."

లింగమూర్తి దొరికిపోయిన దొంగలా నవ్వాడు. సీడీ డ్రైవు వాడుకునేవాళ్ళ గుంపు ఒకటి లినక్సులో ఉంటుందట. అందులో పేరు చేరిస్తే యజమాని ఖాతాతో పనే లేదు. కంప్యూటర్ పెట్టిననాడే మా అందరి పేర్లూ చేర్చేశాడు.

"మరి గన్ని దినాలు గోడకు ఎందుకు నిలవెట్టినవ్?" నర్సవ్వ నిలదీసింది.

"ముందుగాల ఉధ్నాల ఒక కార్ఖానల పనిచేసినప్పుడు గిట్లనే ఒక ఫిర్యాదు పెట్టినం. ఎవలు చేసిన్రు, ఎవలు చేసిన్రని ఒక్కొక్కల్ని పిలిచి అడిగి అందర్ని తీసేసిన్రు. అడిగితే ఒక్కని పేరే రావాలె గద అక్కా. గా ఒక్కడు వాళ్ళ కింద పనిచేసెటోడు కావద్దు. నేను లేని దినం మీ పని ఆగొద్దు. అవసరం పడితే వినోద నొక్కుతదని నాకు తెల్సు. అహ్మదాబాద్ మనిషికి భయపడే రకం కాదు."

"తువ్వాల కింద ఏం కొడ్తుంటివి మరి?" అంది వినోద.

"ఊర్మిళ పేరు. ఆమెకు చెప్పకున్రి, నెత్తికెక్కుతది."

గది గదంతా నవ్వింది. నాకు మాత్రం ఒక మాట మిగిలింది. అడ్డం నిలబడటం బాగానే ఉంది గానీ, ఎప్పుడూ ఆయనొక్కడే ఎందుకు నిలబడాలని అడిగాను. జవాబు ఆడవాళ్ళే ఇచ్చారు.

ఎండలు ముదిరాక కార్ఖానాలో తాగే నీళ్ళ కోసం ఇంకో ఫిర్యాదు పెట్టాల్సి వచ్చింది. ఈసారి సీడీ నర్సవ్వ చేసింది. చేశాక దాని మీద మార్కరు పెన్నుతో అందరూ పేర్లు రాశారు, సీడీ చుట్టూ గుండ్రంగా, మొదటి పేరు ఏదో చివరి పేరు ఏదో తెలియకుండా. లింగమూర్తి వచ్చి దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"నా పేరేది?"

"జాగ లేదు కాకా" అంది వినోద. "నువ్వు జర చాయ్ పట్కరా."

ఈ వయసులో చాయ్ మోయాల్సి వచ్చిందని దారి పొడుగునా గొణుక్కుంటూ పోయి, గొణుక్కుంటూనే తిరిగొచ్చాడు. చాయ్‌తో పాటు ఎవరూ అడగకపోయినా అందరికీ వేడి వేడి శనగపిండి ఖమణ్ కూడా తెచ్చాడు.