పేరయ్య పెదనాన్న అరగదీయించిన టైర్లు

మా పేరయ్య పెదనాన్న మనిషి మొహం కంటే ముందు అతని బండి టైరు చూస్తాడు. చూడటమంటే దూరంనుంచి చూసి ఊరుకోవడం కాదు. గొంతుక్కూర్చుని, కుడిచేతి బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చి, ఆ గోరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చి, అప్పుడు తీర్పు చెబుతాడు. తీర్పులు రెండే. గోరు దిగకపోతే "రాయి". దిగితే "జున్ను".

చిలకలూరిపేటలో ఆయన గోటికి చిక్కని టైరు లేదు. ఓసారి మా చుట్టాల పెళ్ళికి నరసరావుపేట వెళ్ళాలి. బస్సు ఆగింది. అందరం ఎక్కాం. పెదనాన్న మాత్రం వెనక చక్రం దగ్గర కూర్చుండిపోయాడు.

"పెద్దాయనా, ఎక్కుతావా, టైరుతో కబుర్లు చెప్పుకుంటావా?" అని డ్రైవరు కేకేశాడు.

"ఎక్కనయ్యా. నీది రాయి. వానొస్తే జారుద్ది."

"ఈ ఎండలో వానెక్కడిదయ్యా బాబూ!"

"టైరు కొనేప్పుడు ఎండ చూసి కొనకూడదు, వాన చూసి కొనాలి," అని ఉపదేశం చేసి తరవాతి బస్సులో వచ్చాడు. అప్పటికి పెళ్ళి భోజనాల్లో గోంగూర కూడా అయిపోయింది.

నా పెళ్ళిచూపుల సంగతి చెబితే మీరు నమ్మరు. మగపెళ్ళివాళ్ళు ధగధగలాడే కారులో దిగారు. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని లోపల నిలబడ్డాను. పెదనాన్న బయట కారు పక్కన కూర్చున్నాడు. కాసేపటికి లోపలికొచ్చి, మా నాన్న చెవిలో చెబుతున్నాననుకుని వీధంతా వినబడేట్టు చెప్పాడు.

"ఒరేయ్, ఈ సంబంధం వద్దురా. కనబడే ముందు టైర్లు కొత్తవి, వెనకవి బోడివి. వీళ్ళు పైకి కనబడేదానికే ఖర్చు పెట్టే రకం."

ఆ సంబంధం అక్కడితో సరి. తరవాత మా ఆయన స్కూటరు మీద వచ్చాడు. పెదనాన్న రెండు టైర్లకీ గోరు గుచ్చి, "రెండూ ఒక్కలాగే అరిగాయి. కుర్రాడు నిదానస్తుడు, ఖాయం చేసుకోండి," అన్నాడు. నా జాతకం చూసింది పంతులుగారు కాదు, ఆ స్కూటరు టైర్లు. ఇప్పటికీ మా ఆయన చిర్రుబుర్రులాడితే నేను స్కూటరు వైపు చూస్తాను, ఆయన తగ్గుతాడు.

పెదనాన్నది పత్తి, మిరప సేద్యం. మరి ఈ టైర్ల పిచ్చి ఎక్కడ పట్టిందంటారా? తొంభై ఎనిమిదిలో మద్రాసు వెళ్ళినప్పుడు ఎవరో ట్రాక్ డే చూపించారట. అంటే మామూలు మనుషులు తమ సొంత కార్లు తెచ్చుకుని, రేసులు జరిగే బాట మీద పొద్దుటినుంచి సాయంత్రందాకా తిప్పుకునే రోజు. పందెం లేదు, బహుమతి లేదు. కానీ మలుపుల్లో చక్రాలు కీచుమంటుంటే ఆయన గుండె అక్కడే ఆగిందట. ఇంటికొచ్చి ఎస్టీమ్ కారు కొన్నాడు. ఆరోజునుంచి ఒకటే ఆలోచన: ఏ టైర్లు వేయాలి?

"కారుతోపాటు నాలుగు టైర్లు ఇచ్చారుగదండీ," అంది మా కోటిరత్నం పెద్దమ్మ.

"అవి రాళ్ళే! ట్రాక్ మీద మలుపు తిప్పితే పట్టుకోవు."

"అయితే మెత్తనివి వేయించండి."

"మరీ జున్నయితే నెల్లూరు దాటకముందే సగం రోడ్డుకి అంటుకుపోద్ది. అదే టైర్ల మీద మద్రాసు పోవాలి, రోజంతా తిరగాలి, అదే టైర్ల మీద ఇంటికి రావాలి. టైరు ఎంచడమంటే వంకాయలు ఏరడమనుకున్నావా?"

మొదటి ఏడాది మెత్తని టైర్లే తెచ్చాడు. మన ఎండ సంగతి తెలుసుగా, రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయి, రబ్బరెంత? ఎండకి గట్టిపడిపోతాయని ఆయన భయం. అందుకని స్నేహితుడి మిర్చి కోల్డ్ స్టోరేజీలో, మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య, ఆ నాలుగు టైర్లనీ చల్లగా పడుకోబెట్టాడు. వేసవంతా అవి అక్కడే ఉన్నాయి. మా ఊరివాడికి తప్ప ఇంకెవరికీ ఈ తెలివి రాదు.

ట్రాక్ డే రాగానే వాటిని వేసుకుని మద్రాసు పోయాడు. ట్రాక్ మీద రెండో చుట్టుకే టైర్లు కాగాయి. కాగిన రబ్బరులోంచి మిరపఘాటు లేచింది. వెనకొచ్చే కారువాడు దగ్గాడు, ఆ వెనకవాడు తుమ్మాడు, జెండా ఊపేవాడు జెండా వదిలేసి కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడి అధికారి జేబురుమాలు ముక్కుకి కట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సార్, కారులో మిరపకాయలు వేయిస్తున్నారా?"

"లేదండీ, టైర్లు కొద్దిగా వేగాయి," అన్నాడు పెదనాన్న వినయంగా.

దయచేసి కారు పక్కన పెట్టమని వాళ్ళు చేతులు జోడించారు. ఆయన తుమ్ముకుంటూ ఇల్లు చేరాడు. ఊళ్ళో "ఘాటు టైర్ల పేరయ్య" అని పేరు పడింది. నవ్వినవాళ్ళందరిముందూ పెదనాన్న మీసం మీద చెయ్యేశాడు.

"నవ్వండిరా నవ్వండి. ఆ ట్రాక్ మీద ఒక్కరోజు, నిండా ఒక్కరోజు, ఎవరూ నన్ను పక్కన నిలబెట్టకుండా తిరిగొస్తాను. అప్పటిదాకా కారు అమ్మేది లేదు, నేను పోయేదీ లేదు."

ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు. మా వంశంలో ఆయనొక్కడే అన్న మాట మీద నిలబడే మనిషి.

తరవాత ఎక్కడో కొత్త సంగతి తెలుసుకొచ్చాడు. సరికొత్త టైరు ట్రాక్‌కి పనికిరాదట! గ్రిప్పు గీతలు లోతుగా ఉంటే వాటి మధ్య రబ్బరు బిళ్ళలు మలుపులో ఊగి, కాగి, పెచ్చులూడతాయట. సగం అరిగిన టైరే మేలట. కొత్త చెప్పు కరుస్తుంది, నలిగిన చెప్పు కరవదు, అలాగన్నమాట.

అక్కడ మొదలైంది అసలు వినోదం. కొత్త టైర్లు కొన్నాడు, తీసుకెళ్ళి టాక్సీ ఏసోబు ముందు పెట్టాడు. ఏసోబుదీ పాత ఎస్టీమే. రోగుల్ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తెస్తుంటాడు.

"ఏసోబూ, నాకో సాయం చేసిపెట్టాలిరా. ఈ టైర్లు నీ బండికేసి సగం అరగదీసి ఇవ్వాలి."

"కొత్తవి గదండీ! నా బండికెందుకండీ?"

"అరగదీయడానికి నాకు టైమేదిరా, పత్తి తీతలున్నాయి. నువ్వు రోజూ తిరిగేవాడివి. కాదనబాక."

ఏడాది తిరిగింది. ఏసోబు టైర్లు సగం అరగదీశానని కబురు పెట్టాడు. పెదనాన్న వెళ్ళి గోరు గుచ్చాడు, వాసన చూశాడు, పెదవి విరిచాడు.

"లోపలి అంచు ఎక్కువ తినేసింది. నాకు పనికిరావు. నువ్వే వాడుకో." అక్కడితో ఊరుకున్నాడా? "నా టైర్లు పాడుచేస్తావా?" అని తిట్టి, బండిని లాక్కెళ్ళి తన ఖర్చుతో చక్రాల వంకర సరిచేయించాడు.

మరుసటేడు కొత్త సెట్టు కాన్పుల డాక్టరు గుల్జార్ బేగం గారి కారుకి. "నడిమధ్య అరిగిందమ్మా, గాలెక్కువ పెట్టారు. నాకొద్దు." ఆ పైఏడు బడిపిల్లల్ని తిప్పే ఇమ్మానియేలుకి. "ఒకవైపు అరిగింది, పిల్లలంతా ఒకే పక్క కూర్చున్నారేంట్రా?" ఇలా సైజు కలిసే బండ్లు చూసుకుని ఏటా టైర్లు కొనడం, ఊరి మీదికి తోలడం, అవి తిరిగొచ్చేవేళకి వంక పెట్టడం. ట్రాక్‌కి మాత్రం వెళ్ళింది లేదు. పెద్దమ్మ తల బాదుకునేది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. లోకంలో ఎవరైనా కొత్త టైర్లు కొని, ఊరివాళ్ళచేత అరగదీయించుకుని, వాళ్ళకే వదిలేస్తారా అండీ!

రెండువేల ఆరులో నేనే పట్టుబట్టి ట్రాక్ డేకి ఆయన పేరిచ్చాను. పెదనాన్నకి అరవై దాటాయి, చూపు మందగిస్తోంది. కళ్ళ డాక్టరు వచ్చే ఏడు నుంచి కారు నడపొద్దనేశాడు. ఇప్పుడు వెళ్ళకపోతే ఇక లేదు. బయల్దేరే ముందురోజు పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, ఎస్టీమ్‌కి పాత టైర్లే ఉన్నాయి. పక్కలన్నీ ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు. అక్కడి తనిఖీవాళ్ళు గేటు కూడా దాటనివ్వరు.

"మొన్న కొన్న సెట్టేది పెదనాన్నా?"

"ఇమ్మానియేలుకిచ్చానే."

"ఎందుకూ?"

"అరగదీయడానికి."

"రేపే ప్రయాణం! ఎప్పటికి అరగదీస్తాడు?"

పెదనాన్న నేల చూపులు చూశాడు. "వానలు పడుతున్నాయి గదే. వాడి బండిలో పిల్లలుంటారు," అని గొణిగాడు. "పోన్లే. ట్రాక్ ఎక్కడికి పోద్ది, వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు లేదని ఆయనకీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నోటికొచ్చినట్టు దులిపేశాను. ఈలోగా పెద్దమ్మ కబురు పెట్టిందేమో, వాకిట్లో వరసగా మూడు బండ్లు ఆగాయి. ఏసోబు, డాక్టరుగారు, ఇమ్మానియేలు దిగి, జాకీలు తీసి చక్రాలు విప్పడం మొదలుపెట్టారు.

"ఏంటమ్మా ఇది? రేపు మీ కాన్పులో?" అని పెదనాన్న కంగారుపడ్డాడు.

"ఆసుపత్రి వ్యాను ఉంది, మీరు నోరు మూసుకోండి," అన్నారు గుల్జార్ బేగం. నావైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వింకా ఆయన్ని తిడుతున్నావా? నా టైర్లు బోడివని ఓరోజు గోరు గుచ్చి వెళ్ళాడు. మర్నాడు కొత్తవి తెచ్చి, అరగదీసి పెట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది అన్నాడు. ఊరికే ఇస్తే నేను తీసుకుంటానా? సాయం చెయ్యమంటే కాదంటానా?"

"నాయీ అంతేనమ్మా," అన్నాడు ఏసోబు. "సమానంగానే అరిగాయి. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. వంక పెట్టకపోతే వెనక్కి తీసుకోవాల్సొచ్చిద్ది గదా!"

ఇన్నేళ్ళూ ఆయన గోరు గుచ్చి చూసింది ఊళ్ళో ఎవరి బండి ఎప్పుడు జారుతుందోనన్నమాట!

"ఏం మాటల్రా అవి! మీ చక్రాలు వంకరే!" అని పెదనాన్న ఎర్రబడిపోయి అరిచాడు. అరుస్తూనే గొంతుక్కూర్చున్నాడు. గోడకి ఆనించిన టైర్లన్నిటికీ గోరు గుచ్చాడు, వాసన చూశాడు, మళ్ళీ గుచ్చాడు. చివరికి లేచి, "ముందు జతకి డాక్టరమ్మవి. వెనక జతకి ఏసోబువి," అన్నాడు.

ఇమ్మానియేలు మొహం ముడుచుకున్నాడు. "మాయేం పాపం చేశాయండీ?"

"నీవి ఇంకా కొత్తవి గదరా! సరే, ఒకటి స్టెప్నీకి ఇవ్వు."

ట్రాక్ దగ్గర తనిఖీ చేసే కుర్రాడు టైర్లు తట్టి, తిప్పి, "ఎంత సమానంగా అరిగాయి సార్!" అని మెచ్చుకున్నాడు. నేను పెదనాన్న మొహంలోకి చూశాను. ఆయన ఆకాశంలోకి చూశాడు. కాగాక ఉబ్బుతాయని చల్లగా ఉన్నప్పుడే గాలి కాస్త తగ్గించి, హెల్మెట్ పెట్టుకుని బాట మీదికి పోయాడు. మా ఎస్టీమ్ మలుపులో వాలుతుంటే, విదేశీ కారు కుర్రాడొకడు దాటలేక వెనకే తచ్చాడాడు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ తుమ్మలేదు, ఎవరూ పక్కన నిలబెట్టలేదు. సాయంత్రం దాకా, నిండా ఒక్కరోజు, మా పెదనాన్న తిరిగాడు. మా పెదనాన్న అండీ! నేను గట్టుమీద నిలబడి గొంతు పోయేట్టు ఈలలు వేశాను.

చివర్లో ఆ విదేశీ కారు కుర్రాడొచ్చి అడిగాడు. "అంకుల్, ఏ టైర్లు ఇవి? ఎక్కడ దొరుకుతాయి?"

"దొరకవు బాబూ. ముందువి కాన్పులకి తిరిగాయి, వెనకవి పెద్దాసుపత్రికి తిరిగాయి. అలా అరగాలంటే ఊరుండాలి," అన్నాడు పెదనాన్న, హెల్మెట్ తీసి ఛాతీ విరుచుకుని.

తిరుగు ప్రయాణంలో మద్రాసు దాటకముందే ఓ టైర్ల కొట్టు ముందు కారు ఆపాడు. లోపలికెళ్ళి వరసగా గోళ్ళు గుచ్చడం మొదలెట్టాడు.

"మళ్ళీ ఎవరికి పెదనాన్నా?"

"డాక్టరమ్మకీ ఏసోబుకీ. వాళ్ళవి నేను ట్రాక్ మీద అరగదీశాను గదే. అరగదీసినవాడు కొత్తవి కొనివ్వద్దూ?"

"మరి ఇన్నేళ్ళూ వాళ్ళు నీవి అరగదీశారుగా, వాళ్ళు కొనిచ్చారా?"

పెదనాన్న నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "వాళ్ళు సగమే అరగదీశారే," అని కొట్టువాడివైపు తిరిగి, "ఇవి రాళ్ళు. వానకి ఆగేవి చూపించవయ్యా," అన్నాడు.