గట్టు మీది తడి

నా చిన్నప్పుడు కోకాపేటలో మా ఇంటి వెనక ఒక గట్టు, దాని కింద ఇసుక వాగు ఉండేవి. గట్టుకు ఒకవైపు చెట్లన్నీ కొట్టేసి బోడిగా చేశారు. రెండోవైపు మోదుగ, సీతాఫలం పొదలు దట్టంగా ఉండేవి. మా మేనత్త అక్కడ మేకలు కాసేది. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తవ్వి, అందులో ఊరిన నీళ్లు వాటికి పట్టేది.

పదేళ్ల వయసులో ఒకరోజు చెలిమె నేనే తవ్వుతానన్నాను. నాలుగు రోజుల ముందు పెద్ద వాన పడింది. బోడి వైపు నుంచి ఎర్రనీళ్లు వాగులోకి ఉరకడం కళ్లారా చూశాను. పొదల వైపు నుంచి సన్నటి ధార కూడా దిగలేదు. అందుకని బోడి వైపే కూర్చున్నాను.

"ఆడ నీళ్లు రావు బిడ్డా, పొదల దిక్కు తవ్వు," అంది అత్త.

"నీళ్లు పారింది ఈడనే గద అత్తమ్మా."

"సరే, తవ్వు," అని ఆమె నీడకు పోయింది.

మూడు గుంతలు తవ్వాను. అన్నిట్లోనూ పొడి ఇసుకే. గోళ్లు మండుతున్నాయి. దాహంతో మేకలు నా చుట్టూ చేరి అరుస్తున్నాయి, ఒక మేకపిల్ల నిలబడలేక కూలబడింది. ఏడుపూ కోపమూ ఆగక నీళ్లు తోడే చెంబు విసిరికొట్టాను.

అత్త తిట్టలేదు, ఓదార్చలేదు. నన్ను పొదల్లోకి తీసుకెళ్లి, రాలిన ఆకుల కింద నా చెయ్యి పెట్టించింది. మన్ను చల్లగా, తడిగా తగిలింది.

"ఉరికిన నీళ్లు ఊరు దాటినయ్. ఇవి ఈడ ఆగినయ్, నిమ్మళంగ కిందికి దిగుతున్నయ్."

దానికి సరిగ్గా దిగువన వాగు ఇసుకలో ఆమె తవ్వితే మూరెడు లోతులో నీళ్లు ఊరాయి. మేకలు తాగుతున్నా నా కోపం తగ్గలేదు. ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"చెప్పిన గద, ఇన్నవా?"

పెద్దయ్యాక అడవుల్లో వాగులు కొలవడమే నా చదువు, ఉద్యోగం అయ్యాయి. ఇప్పుడు ఆ గట్టు పక్కనే ఒక టవర్‌లో ఉంటున్నాను. వానొస్తే మా సెల్లార్ నిండుతుంది. గట్టు మీద మిగిలిన పొదలు కొట్టేశాకే ఇలా అవుతోందని ప్రతి మీటింగులోనూ చెబుతున్నాను. "నిజమే ఆంటీ, ముందు ఇంకో మోటారు పెట్టిద్దామండి," అంటాడు మా అసోసియేషన్ సెక్రటరీ. విసుగొస్తుంది.

అయినా నోటిమాట ఒక్కటే చాలదని, మనిషిని అక్కడికి తీసుకెళ్లి చూపించాలని ఆ రోజు అత్త దగ్గర నేర్చుకున్నాను. నిన్న వాన ఆగగానే, నీళ్లు ఎలా ఉరుకుతున్నాయో చూపిద్దామని అతన్ని గట్టు పైకి రమ్మని పిలిచాను. కాల్ ఉందన్నాడు. మళ్లీ వాన పడితే మళ్లీ పిలుస్తాను.